ఆరో కార్బన్

తిరువూరు, 1957 మే, ఆదివారం రాత్రి

అన్నయ్య కెమిస్ట్రీ పుస్తకం నేను దొంగతనంగా చదువుతున్నానని ఇవాళ బయటపడిపోయింది. సాయంత్రం వాడు కొమ్మ ఉన్న కార్బన్ గొలుసు బొమ్మ ఒకటి గీసి, దాని కింద "టూ ఇథైల్ పెంటేన్" అని పేరు రాశాడు. చూసి ఉండబట్టలేకపోయాను.

"అడ్డంగా ఉన్న ఐదు కార్బన్లే లెక్కపెట్టావేంటి? కొమ్మలోకి మలుపు తిరుగు, ఆరొస్తాయి. పొడుగు గొలుసుకే పేరు పెట్టాలిగా. త్రీ మిథైల్ హెక్సేన్!"

తిరిగి చూస్తే నాన్న గుమ్మంలో ఉన్నారు. నా చదువు స్కూలుతో ఆపేద్దామని నిన్ననే అమ్మతో అన్నారు.

"ఏరా, అది చెప్పింది నిజమేనా?"

"నిజమే నాన్నా. నా పుస్తకం నాకంటే దీనికే బాగా వచ్చు."

నాన్న కోప్పడలేదు. ఆ బొమ్మ వంకే చూస్తూ, "బెజవాడ కాలేజీలో ఆడపిల్లలకి హాస్టల్ ఉందంట్రా?" అన్నారు.

లేదంటాడేమోనని భయమేసి, జవాబు వినకుండానే వంటింట్లోకి పారిపోయాను. అన్నయ్య ఉందనే చెప్పి ఉంటాడు...