పద్నాలుగో రూం వంట వంతు

26 ఫిబ్రవరి 2007, సోమవారం

నా మీద మోపిన ఆరోపణను ముందు ఉన్నదున్నట్టు రాసుకుంటాను. నువ్వు పుట్టిన దేశం ఎవరినీ సైన్యానికి బలవంతంగా పిలవదు. నువ్వు ఉంటున్న దేశం నిన్ను పిలవదు. ఏ పిలుపూ ఎన్నటికీ రానిదానివి, ఊరివాళ్ల కొడుకులను బారక్స్‌కు తోలాలని వాదించడానికి నీకేం హక్కు?

ఈ మాట ఎదుటి జట్టు ఆతిఫ్ ఈరోజు మా కాలేజీ డిబేటింగ్ సొసైటీ ప్రాక్టీసులో అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు కాబట్టి మర్యాదగానే వినిపించింది. అందరూ బల్లలు చరిచారు. నేను నా కాగితాలు మడుచుకుని కూర్చున్నాను. రెండేళ్ల డిబేటింగ్‌లో అలా జరగడం ఇదే మొదటిసారి.

ఎల్లుండి సెమీఫైనల్. రద్దయిన చోటల్లా నిర్బంధ జాతీయ సేవను పునరుద్ధరించాలన్నది తీర్మానం. టాస్‌లో సమర్థించే పక్షం మాకు వచ్చింది. మేమంటే నేను, నా జట్టు మనిషి రిదా. టాస్ ఎటు పడినా నేను నమ్మేది ఇదే. స్వచ్ఛంద సైన్యంలో ఆ స్వేచ్ఛ ఎవరిది? వేరే పని దొరకనివాడిది. ఉన్నవాడి కొడుక్కి యుద్ధం టీవీలో వార్త, లేనివాడి కొడుక్కి అదే ఉద్యోగం. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టగలిగేది నిర్బంధం ఒక్కటే. తన కొడుకు కూడా ఆ వరుసలో ఉన్నాడని తెలిసిన మంత్రి యుద్ధపత్రం మీద సంతకం పెట్టేముందు ఇంకోసారి చదువుకుంటాడు.

వాదన బాగుంది. ఆతిఫ్‌కు మాత్రం ఇది సమాధానం కాదు. నావాళ్లలోంచి ఒక ఉదాహరణ కావాలి.

27 ఫిబ్రవరి, సాయంత్రం ఐదు

దొరికింది.

లింబాద్రి మామ, అమ్మ తమ్ముడు. మీనా సల్మాన్ రేవు దగ్గరి కంపెనీ లేబర్ క్యాంపులో పద్నాలుగో నంబరు రూం. కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టే షటరింగ్ కార్పెంటరు. అమ్మ పోయినప్పటి నుంచి నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం బస్సెక్కి రిఫాలో నేనూ బాపూ ఉండే ఫ్లాటుకు వస్తాడు. చేతిలో టిఫిన్ ఉంటుంది. అందులో ఆ రూంవాళ్లు వండిన కూర, కొత్తిమీర తొక్కు. వారంలో మా ఇంట్లో మూడు గొంతులు వినిపించేది ఆ రోజే.

ఆ రూంలో ఎనిమిది మంది. అల్మారా తలుపు లోపలివైపు, పాత క్యాలెండరు వెనక, ఎనిమిది పేర్లు రాసిన కాగితం పట్టీ అంటించి ఉంటుందట. ఎవరి వంతు వచ్చిన రోజు వాళ్లు వండాలి. ఫోర్‌మన్ అయినా సరే, నిన్న దిగినవాడైనా సరే. రాజు కొడుకైనా మా రూంల వంతు తప్పది కోడలా, అని మామ నవ్వుతాడు.

ఏ దేశమూ పిలవని మనుషులు తమను తామే పిలుచుకున్నారు. ఇంతకన్నా ఏం కావాలి?

28 ఫిబ్రవరి

గెలిచాం. హాలులో నూటపది మంది. ఆతిఫ్ తన ప్రశ్న మళ్లీ అడిగాడు, నేను పద్నాలుగో రూం గురించి చెప్పాను. మామ పేరు చెప్పాను. వంతుల పట్టీ గురించి చెప్పాను. ఆ గదిలో మినహాయింపు అన్న మాటే లేదని, అందుకే అక్కడ ఎవడూ ఎవడికీ తక్కువ కాడని చెప్పాను. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆతిఫ్ వచ్చి కరచాలనం చేశాడు.

ఇంటికొచ్చాను. బాపు డ్యూటీలో ఉన్నాడు. గెలిచానని చెప్పడానికి ఎవరూ లేరు. ఫ్రిజ్ తెరిచి, మూశాను.

2 మార్చి, శుక్రవారం

మామ వచ్చాడు. నీ పేరు ఇంగ్లీషులో చెప్పాను మామా అన్నాను. పొంగిపోయాడు. నా చేతి చింతచారు ముచ్చట గూడ జెప్పినవా, అని అడిగాడు. రిదా కూడా వచ్చింది, వాళ్లిల్లు మా వీధి చివరే. టిఫిన్‌లోని తొక్కు సగం అదే ఖాళీ చేసింది. మామ దానికి కూడా వంతుల సంగతి మొదటి నుంచి చివరిదాకా వినిపించాడు. రిదా తన హైదరాబాదీ తెలుగులో, మామూ, నా పేరు కూడా పట్టీలో రాయండి, అంది. నువ్వు వండితే ఎనమండుగురం దవాఖాన్ల పడ్తం, అన్నాడు మామ.

5 మార్చి

ఒక దినపత్రిక క్యాంపస్ పేజీలో నా ప్రసంగం సగం అచ్చయింది. మామ పేరు, రూం నంబరు, క్యాంపు ఉన్న చోటు, అన్నీ ఉన్నాయి. కత్తిరించి పెట్టాను.

7 మార్చి, సాయంత్రం ఏడు

క్యాంపులో వంట నిషేధమట.

ఎక్కడో క్యాంపులో మంటలు లేచాక మామ కంపెనీ గదుల్లోని పొయ్యిలన్నీ తీయించేసిందట. భోజనం క్యాటరింగ్ నుంచే రావాలి. పొయ్యి దొరికితే ఆ గది మొత్తానికి క్యాన్సిల్, అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపడం. క్యాంపులో ఉండేవాడికెవడికీ చెప్పనక్కరలేని సంగతి. నాకు తెలియదు. ఇన్నేళ్లు తొక్కు తిన్నాను, ఏ పొయ్యి మీద ఉడికిందని ఒక్కసారైనా అడగలేదు.

పద్నాలుగో రూంలో కరెంటు పొయ్యి ఒకటుంది. పగలు దుప్పటిలో చుట్టి మంచం కిందికి తోస్తారు. మధ్యాహ్నం బాపు పనిచేసే గోదాములో ఎవరో పేపరు చూపించి, ఇది మీ అమ్మాయే కదా గంగన్నా, అని మెచ్చుకున్నారట. బాపు చదివి వెంటనే మామకు ఫోను చేశాడు. క్యాంపు బాస్ తలుపు కొట్టేలోపు పొయ్యి ఆ రూంలోనే ఉండే వెంకటి సంచిలో సైటుకు చేరింది. ఏమీ దొరకలేదు. పట్టీని మామ నమిలి మింగాడట. దొరికిన సాక్ష్యం ఒక్కటే. నేను.

బాపు పేపరు మడిచి నా బల్ల మీద పెట్టాడు. తిడితే బాగుండేది. జవాబు చెప్పేదాన్ని.

9 మార్చి, శుక్రవారం

మామ రాలేదు.

10 మార్చి

బాపు పికప్‌లో మీనా సల్మాన్ వెళ్లాం. ఆడపిల్లను గేటు లోపలికి రానివ్వరు కాబట్టి మామే బయటికి వచ్చి బండిలో కూర్చున్నాడు. చేతిలో టిఫిన్ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మధ్య దాచుకున్నాడు.

మొదట నా తప్పు దిద్దాడు. వంతు తప్పదని నేనన్నది నిజమే గని, వండుడుల మినహాయింపే లేదని ఎవరు జెప్పిండ్రు నీకు, అన్నాడు. మా రూంల అందరికన్న పెద్దోడు నర్సింలన్నకు రెండేండ్ల సంది చేతులు వణుకుతున్నయి, గిన్నె పట్టలేడు. పేరు తీసేస్తే మనసు చిన్నవోతదని పట్టీల అట్లనే ఉంచినం. ఆయన వంతు నాడు ఎవడో ఒకడు లేచి వండుతడు. తిన్నోళ్లందరం, నర్సింలన్న చెయ్యి తియ్యన, అంటం. ఆయన గూడ, ఇయ్యాల ఉప్పు జర్ర ఎక్కువ పడ్డదిరా, అంటడు. అసలు ఆ పొయ్యి ఉన్నదే ఆయన కోసం. క్యాటరింగ్ బువ్వ ఆయన కడుపుల ఆగది. జొన్న గట్క కాచి పొయ్యాలె.

నేను విన్నాను. నూటపది మంది ముందు ఆ గదికి లేని చట్టాన్ని ఆపాదించి చప్పట్లు కొట్టించుకున్నాను.

తర్వాత వచ్చిన పని చెప్పాడు. ఆఫీసులో ఎంక్వైరీ పెట్టారు. కోడలు కథలు అల్లుతది సార్, అని మామ చెప్పాడు. అయితే ఆ అమ్మాయే కల్పించానని కాలేజీలో ఒప్పుకుంటే ఫైలు ఖలాస్, లేకుంటే ఎనిమిది మందికీ ఇంటికి టికెట్, అన్నారు. మామ ఇదంతా అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. చివరికి నా వైపు తిరిగి, నీకు ఇష్టముంటెనే బిడ్డా, జబర్దస్తీ ఏం లేదు, అన్నాడు.

11 మార్చి

జబర్దస్తీ ఏం లేదు. నిన్నటి నుంచి ఈ మాట దగ్గరే ఆగిపోయాను.

సొసైటీ నిబంధన స్పష్టంగా ఉంది. కల్పించినదాన్ని నిజమని చెప్పి గెలిచినవాళ్ల పేరు సభ్యత్వం నుంచి కొట్టివేయాలి. గెలుపు రద్దవుతుంది. పదిహేనో తేదీ ఫైనల్ ఉండదు. రిదాకు కూడా ఉండదు. నేను వాదనలో కత్తిలా ఉంటానని, పొగరుబోతునని, ఎదుటివాళ్లను మాట్లాడనివ్వనని అందరూ అంటారు. అబద్ధమాడతానని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే.

బాపును అడిగాను. ఏం చేయమంటావని. మీ మామ అడిగిండు, నేను అడుగుతలేను, అన్నాడు. అన్నం తిని పళ్లెం కడుక్కున్నాడు. ఆయన ఆజ్ఞాపిస్తే తిరగబడేదాన్ని. తిరగబడి, ఓడి, చేసేదాన్ని. నిర్బంధంలో ఎంత విశ్రాంతి ఉందో నా ప్రసంగంలో చెప్పనే లేదు. పిలుపు వచ్చినవాడు కనీసం రాజ్యాన్ని తిట్టుకోవచ్చు. పక్కన ఇంకో వెయ్యి మంది నడుస్తుంటారు. ఇష్టముంటేనే అని అడిగించుకున్నవాడు ఒంటరిగా నడవాలి. తిట్టుకోవడానికి ఎవరూ ఉండరు.

ఇంత చదువుకున్నాను. దీనికి ఎక్కడా ప్రతివాదన కనబడలేదు.

12 మార్చి

సొసైటీకి రాసి ఇచ్చాను. ఉదాహరణ మొత్తం నా కల్పన అని. రెండు వాక్యాలు. నా జీవితంలో ఇంత చిన్న ప్రసంగం లేదు.

13 మార్చి, మధ్యాహ్నం రెండు

రిదా లైబ్రరీ మెట్ల మీద పట్టుకుంది. పాగల్ హై క్యా, పిచ్చి లేసిందా నీకు, అంటూ మొదలుపెట్టింది. మీ మామూ నా ముందరే చెప్పిండు కదా, తొక్కు నేను తినలేదా, అంది. నేను దాచలేదు, అన్నీ చెప్పాను. ఎనిమిది టికెట్ల గురించీ చెప్పాను. మెట్టు మీద కూర్చుంది. తర్వాత అంది: తప్పు కంపెనీది. ముసలాయనకు కడుపుకింత వండి పెట్టనివ్వని రూల్‌ది. ఎంబసీకి పోదాం, పేపర్‌కు పోదాం, నిజం చెప్పి కొట్లాడదాం. నువ్వే నేర్పించినవ్ నాకు కొట్లాడడం.

నిజమే, నేనే నేర్పాను. ఆమె వాదనలో నాకు లొసుగు కనిపించలేదు. ఎంబసీ ఉత్తరానికి జవాబు రావడానికి నెల పడుతుంది, టికెట్ రావడానికి రెండు రోజులు చాలు, అన్నాను. అది వాదన కాదు, భయం, అంది. అవునన్నాను.

ఎల్లుండి ఫైనల్ స్థానంలో సర్వసభ్య సమావేశం. నా పేరు కొట్టివేయడానికి సభ్యులందరూ చెయ్యెత్తాలి. ఒక్కరు ఎత్తకపోయినా విచారణ తెరవాలి, సాక్షులను పిలవాలి. కంపెనీ మనిషి ఒకాయన వచ్చి వెనక వరుసలో కూర్చుంటానని కబురు పంపాడు.

అబద్ధానికి నేను చెయ్యెత్తను, అని రిదా వెళ్లిపోయింది. స్నేహం కోసమే అంటోంది. నాకున్న ఒక్క స్నేహితురాలు నన్ను నిజాయితీపరురాలిగా నిలబెట్టి నావాళ్లను పంపించేస్తుంది.

14 మార్చి

రిదా ఫోను ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశాను. వాళ్ల మెట్లెక్కి బెల్లు కొట్టాను, లోపల చెప్పుల చప్పుడు వినిపించింది, తలుపు తెరుచుకోలేదు.

15 మార్చి, ఉదయం తొమ్మిది

పదింటికి చదవబోయేది, తెలుగులో ఒకసారి:

గౌరవ సభ్యులారా, నాకు లింబాద్రి అనే మేనమామ ఉన్నాడు. ఆయన క్యాటరింగ్ భోజనం తింటాడు. మిగిలినదంతా నేను అల్లాను. గెలవాలని అల్లాను. నన్ను నమ్మి చప్పట్లు కొట్టిన మీకు నేను బాకీపడినది క్షమాపణ కాదు, శిక్ష. సానుభూతి చూపవద్దు. విచారణ వద్దు. సాక్షులు లేరు. నన్ను ఇక్కడ అందరికన్నా బాగా ఎరిగినవాళ్లు ఉంటే, అందరికన్నా ముందు వాళ్లే చెయ్యెత్తాలి.

చేతులెత్తండి. అందరూ. రిదా, నువ్వూ ఎత్తు.