హమద్ వాళ్ళమ్మ ఎక్కితేనే మూలిగే ఇరుసు

సూర్ పట్నంలో మెకానిక్ మబ్రూక్‌కి,

ఇసుకల్లోంచి సువైలిమ్ సలాం. నాయనా, నువ్వూ నీ పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడ మేం చల్లగా ఏం లేం.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని విసుక్కోకు. సిగ్నలు పెద్ద దిబ్బ మీదే వస్తుంది. అక్కడికి ఎక్కేసరికి మాట్లాడ్డానికి ఊపిరి మిగలదు. అందుకని నీళ్ళ ట్యాంకరు ఖల్ఫాన్ చేతికిచ్చి పంపుతున్నాను.

నా ఆడ ఒంటె సంహాకి పుట్టిన దూడ చచ్చిపోయింది. చచ్చిన చోటు వదిలి అది కదలడం లేదు. డేరాల దగ్గరికి రమ్మంటే నన్నే తోసేస్తుంది. మా నాయన మందలో చివరికి మిగిలింది అదొక్కటే. పొద్దున్నే ఇసుకలో తిరిగే నాలుగు చక్రాల క్వాడ్ బండి మీద మేత, నీళ్ళు తీసుకెళ్ళి దాని ముందు పెట్టి వస్తున్నాం. నేను నడుపుతాను, మా ఆవిడ, అదే హమద్ వాళ్ళమ్మ, వెనక క్యారేజీ మీద కూర్చుంటుంది. మొదట్లో గడ్డి ముట్టలేదు, పాలు చేపలేదు. ఇప్పుడిప్పుడే రెండు నోళ్ళు తింటోంది, ఒక గిన్నెడు చేపుతోంది. దేవుడి దయ.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటి పోటు. బండి వెనక ఇరుసు మూలగడం మొదలెట్టింది. ముందు కడుపులోంచి ఒక మూలుగు, ఆ తర్వాత ఎండు తోలు గీకినట్టు గర్రుమని. బండి ఆగిపోతే సంహా అక్కడే చస్తుంది. అది పోతే నేనూ పోయినట్టే. జబ్బేమిటో చెప్పు.

నీ బాబాయిలాంటి సువైలిమ్

తా.క.: నీ రాత చీమలు పాకినట్టుంటుంది. నా కళ్ళకి పొర వచ్చింది. పెద్ద అక్షరాలతో రాయి. లేకపోతే హమద్ వాళ్ళమ్మ చదివి వినిపించాలి, మధ్యలో తన వ్యాఖ్యానం కూడా వినాలి.

*

సువైలిమ్ బాబాయికి మబ్రూక్ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. దూడ సంగతి విని బాధ వేసింది. ఇరుసు సంగతి విని ఇంకా బాధ వేసింది. వెనక ఇరుసు మూలిగితే మంచి జరగగా నేను చూడలేదు. మా పెద్దమ్మ కొడుకు ఇలాగే పట్టించుకోలేదు. ఓ రోజు రోడ్డు మీద పోతుంటే ఒక చక్రం పక్కనుంచి దొర్లుకుంటూ వాణ్ణి దాటిపోయింది. ఎవడి చక్రమో పాపం అనుకున్నాట్ట.

మా వాళ్ళు పడవలు కట్టేవాళ్ళు కాబట్టి నాకు పడవ భాషే వచ్చు. ఆ మూలుగు తెరచాప తాడు బిగిసినప్పటి మూలుగా, పడవ అడుగు ఇసుకలో ఈడ్చినప్పటి మూలుగా? తేడా చాలా ఉంది. మొదటిదైతే బేరింగు, రెండోదైతే బ్రేకు.

వెనక భాగం పైకెత్తి కింద ఏదైనా దిమ్మ పెట్టండి. చక్రం చేత్తో తిప్పి వినండి. తర్వాత టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. పళ్ళు ఊడే ముసలాడి పన్నులా కదిలిందంటే బేరింగు పోయినట్టే. చైను కూడా చూడండి.

మీ మేలు కోరే
మబ్రూక్

తా.క.: అడగడం మర్యాద కాదు గానీ, పిన్నిగారి బరువెంత? ఆవిణ్ణి ఇంటి దగ్గర వదిలేసి ఒకసారి నడిపి చూడండి.

*

మబ్రూక్‌కి సువైలిమ్ ఆశీస్సులు. బతికుంటేనే ఆశీస్సులు, ఎందుకంటే నీ తా.క. చదివి వినిపించింది హమద్ వాళ్ళమ్మే.

పెద్ద అక్షరాలతో రాయమన్నానా లేదా? రాయలేదు. ఆవిడ "పిన్నిగారి బరువెంత" అని గట్టిగా చదివి, కాగితం మడిచి, "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట! ఇరుసు సంగతి తెలీనివాడికి నా నడుం మీద కన్నెందుకు?" అంది. ఆ పూట నాకు కాఫీ లేదు, ఖర్జూరాలూ లేవు.

సముద్రాన్ని నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అది పడుకునే ఉంది. కాబట్టి పడవ మూలుగులు నాకు తెలీవు.

నువ్వు చెప్పినట్టే చేశాం. నీళ్ళ తొట్టి బోర్లించి దాని మీద బండి వెనక భాగం ఎత్తి పెట్టాం. చక్రం తిప్పితే చప్పుడు లేదు. ఊపితే కదల్లేదు. చైను బానే ఉంది. ఒక్కణ్ణే నడిపాను, చప్పుడు లేదు. ఆవిడ బరువుకి సరిపడా గడ్డి మోపులు కట్టి నడిపాను, చప్పుడు లేదు. మా బావమరిది థాని, తిని కూర్చునే మనిషి, ఆవిడకి రెండింతలు. వాణ్ణి ఎక్కించుకుని దిబ్బ చుట్టూ తిరిగాను. బండి కుయ్యనలేదు, వాడే మూలిగాడు. మర్నాడు పొద్దున హమద్ వాళ్ళమ్మ ఎక్కి కూర్చుందో లేదో, మళ్ళీ గర్ర్!

ఇదంతా చూసి థాని, "బావా, అన్ని మందులూ అయ్యాక చివరి మందు వాతే కదా" అన్నాడు. నేను వద్దనే లోపల ఒంటెలకి వాతలు పెట్టే కడ్డీ ఎర్రగా కాల్చి ఇరుసుకి అటొకటి ఇటొకటి పెట్టేశాడు. గుర్తులు మాత్రం చక్కగా పడ్డాయి.

సంహా ఈ వారం కాస్త తేరుకుంది. బండి నడవకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

సువైలిమ్

తా.క.: వాత పెట్టాక నల్లటి జిడ్డు కారుతోంది. చీము అంటున్నాడు థాని. మంచిదేనట.

*

బాబాయ్,

సలాములు తర్వాత. ఇరుసుకి వాత పెట్టారా! అది చీము కాదు బాబాయ్, గ్రీజు. లోపలున్న రబ్బరు సీలు కరిగిపోయింది. ఇప్పటిదాకా ఆ ఇరుసుకి జబ్బు ఉందో లేదో నాకు తెలీదు. ఇక మీదట మాత్రం ఉంటుంది. ఇసుక లోపలికి పోయిందా, బేరింగు నాలుగు రోజులు ఆగదు.

ఇంత వయసొచ్చింది, ఒక్క ఆడమనిషి కూర్చుంటేనే ఏడ్చే ఇరుసుని నేను చూడలేదు. మా ఆవిడతో చెబితే "నువ్వు రోజూ ఏడుస్తావు, ఇరుసు ఏడిస్తే తప్పా" అంది. రాత్రుళ్ళు నిద్ర లేదు.

ఒకటే దారి. బండిని ఖల్ఫాన్ ట్యాంకరు వెనక కట్టించి సూర్ పంపండి. ఇరుసు మొత్తం ఊడదీయాలి. సామాను మస్కట్ నుంచి రావాలి. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అన్నీ చెడుగానే జరుగుతాయి కాబట్టి ఎక్కువే అనుకోండి.

మబ్రూక్

తా.క.: పిన్నిగారూ, ఇది చదువుతున్నది మీరేనని తెలుసు. తప్పయిపోయింది. మీ బరువు సరైన బరువే.

*

మబ్రూక్‌కి హమద్ తల్లి మౌజా సలాం.

నా రాత వంకర టింకరగా ఉంటుంది. ఆడవాళ్ళ చదువుల బడిలో ముసలితనంలో నేర్చుకున్నది. ఈ ఉత్తరం సంగతి మీ బాబాయికి తెలియదు, తెలియకూడదు. చదివి చింపెయ్యి.

బండికి ఏ జబ్బూ లేదు. మూలిగేది దూడ తోలు.

దూడ పోయిన తల్లి ముందు దాని తోలులో పీచు కూరి నిలబెడితే, వాసన చూసి తల్లి చేపుతుంది, తింటుంది. మా తాతల నాటి పద్ధతి. కానీ మీ బాబాయి ఒట్టు పెట్టాడు. "ఒక తల్లికి ఒకసారి అబద్ధం చెప్పాను. ఇక ఏ తల్లికీ చెప్పను, వల్లాహి" అన్నాడు. దూడని తనే గుడ్డలో చుట్టి పాతిపెట్టాడు. ఆ గుడ్డలో ఉన్నది తోలు లేని దూడ అని ఆయనకి తెలీదు. అంతకు ముందే నేనూ థానీ ఒలిచేశాం. తోలులో ఖర్జూరపు పీచు కూరి, రోజూ పొద్దున క్యారేజీ కింద కట్టి, పైన నా దుప్పటి వేలాడేసి కూర్చుంటాను. నేను కూర్చోగానే క్యారేజీ కిందకి దిగి తోలు ఇరుసుకి ఒరుసుకుంటుంది. అదీ నీ జబ్బు. ఆయన గిన్నె మోకాలి మీద పెట్టుకుని పాలు పితుకుతుంటే, నేను సంహా మూతిని క్యారేజీ కిందికి పెట్టిస్తాను. ఆయనకి కళ్ళు కనిపించవు కదా.

ఆ మొదటి అబద్ధం నాకు చెప్పిందే. మా హమద్ వాగు వరదలో కారుతో సహా పోయినప్పుడు నేను జ్వరంతో పడి ఉన్నాను. మస్కట్ ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాడు. ఇవాళ జావ తాగాడట, ఇవాళ నవ్వాడట అనేవాడు. వాడు తాగాడంటే నేనూ తాగేదాన్ని. లేచి కూర్చున్నాక నిజం చెప్పాడు. ఆ పాపం ఆయన్ని ఇంకా తింటోంది. నాయనా, ఆ జావ తాగకపోతే నేను ఉండేదాన్ని కాదు. ఈ మాట ఆయనతో ఎన్నడూ చెప్పలేకపోయాను. చెబితే ఏడుస్తాడు.

బండి పట్నం వెళితే సంహా చస్తుంది. ఎలాగోలా ఇక్కడే బాగుచెయ్యి.

మౌజా

తా.క.: నా బరువు గురించి మళ్ళీ రాశావంటే నీకూ వాత పెట్టిస్తాను. థాని ఖాళీగానే ఉన్నాడు.

*

బాబాయికి మబ్రూక్ సలాం.

బాగా ఆలోచించాను. బండి పంపకండి, నేనే ఖల్ఫాన్‌తో వస్తున్నాను. సీలు అక్కడే మారుస్తాను. మూలుగు మాత్రం పోదు. ఈ రకం ఇరుసుకి అది పుట్టుకతో వచ్చిన గుణం. కొందరు కూర్చుంటే వస్తుంది, కొందరు కూర్చుంటే రాదు. శాస్త్రమే అంత.

మబ్రూక్

తా.క.: పెద్ద అక్షరాలతో రాశాను.

*

నాయనా మబ్రూక్,

సలాం. హమద్ వాళ్ళమ్మ వాళ్ళ తమ్ముడి డేరాకి వెళ్ళింది. వచ్చేలోపు ఇది రాసి ఖల్ఫాన్ చేతిలో పెట్టాలి.

నువ్వు మంచి మెకానిక్‌వి. అబద్ధానికి మాత్రం పనికిరావు. మొన్న వచ్చినప్పుడు బండి కింద పడుకుని దూడ తోలు మొహాన తగులుతుంటే, "అంతా సవ్యంగా ఉంది బాబాయ్, కింద ఏమీ లేదు" అని మూడుసార్లు అన్నావు. నేను ఒక్కసారి కూడా అడగలేదే! పక్కన ఆవిడ దుప్పటి కొంగు ఇంకా కిందికి లాగుతోంది. నవ్వు ఆపుకోలేక దిబ్బ వెనక్కి పోయి దగ్గాను.

ఒరే, నా కళ్ళకి పొర వచ్చింది గానీ ముక్కుకి రాలేదు. పుట్టినప్పటినుంచీ ఒంటెల మధ్య బతికినవాణ్ణి, నా చేతుల్లో పుట్టిన దూడ వాసన నాకు తెలీదా? మొదటి రోజు ఆవిడ ఎక్కి కూర్చున్నప్పుడే తెలిసింది. పాతిపెట్టేటప్పుడు గుడ్డ తేలిగ్గా ఉందనిపించింది కూడా. తెలిసిందని ఒప్పుకుంటే ఒట్టు ప్రకారం ఆ తోలు నేనే విప్పెయ్యాలి. విప్పితే సంహా చస్తుంది. చప్పుడు వినబడనట్టు ఊరుకుంటే ఆవిడకి అనుమానం వస్తుంది. అందుకే నీకు రాయడం మొదలుపెట్టాను. నీ జవాబులు చదివి వినిపించేది ఆవిడే కదా, నా అనుమానం ఇరుసు మీదేనని నమ్ముతుంది. వాత మాత్రం థాని తెలివి, అది నా లెక్కలో వెయ్యకు.

హమద్ పోయినప్పుడు నేను చెప్పిన అబద్ధాన్ని ఆవిడ రోజూ జావతో పాటు మింగింది. నేను కనిపెట్టలేదనుకోకు, ఆవిడ అప్పుడే నిజం పసిగట్టింది. నాకోసం నమ్మినట్టు తాగింది. ఇప్పుడు నా వంతు వచ్చింది. పొద్దున్నే బండి గర్రుమంటుంటే, వెనక్కి తిరిగి "ఈ పాడు ఇరుసు!" అని తిడతాను. ఆవిడ "అవునండీ, పాడు ఇరుసు" అంటుంది. అలా ఇద్దరం సంహా దగ్గరికి పోతాం.

నిన్న సంహా ఆ చోటు వదిలి బండి వెంట డేరాల దాకా నడిచొచ్చింది.

సువైలిమ్

తా.క.: వచ్చే ఉత్తరంలో ఇరుసుని గట్టిగా తిట్టు. రాత మళ్ళీ చిన్నదిగా రాయి, ఆవిడ చదివి వినిపించాలి.