మూడు లక్షలు తిరిగిన బండి

నాయనా,

నేను కారు కొన్నాను. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం బడికి రోజూ బస్సు కోసం కాచుకోవడం ఈ టీచరమ్మ వల్ల కాలేదు.

ప్రొద్దుటూరులో దొరికిన పాత బండి ఇది. మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. వెంట వచ్చిన మెకానిక్ మస్తాన్, "వద్దమ్మా, శానా తిరిగింది" అన్నాడు.

అమ్మే ముసలాయన ఎవరనుకున్నావు? నువ్వు మన పార్టీ నాయకుడికి బండి నడిపిన ఫ్యాక్షను రోజుల్లో, అవతలి పార్టీ నాయకుడికి డ్రైవరు. ఇంతగా ఎట్లా తిరిగిందని అడిగితే నవ్వాడు.

"పులివెందులకు ముద్దనూరు మీంద పోతే, వేంపల్లె మీంద చుట్టుకోని వస్తాంటిమి. పోయిన దావన రాగూడదు గదమ్మా, సంపడానికి కాపు కాసుంటారు! నడిదావలో నిల్చిపోతే పానాలు పోతాయని, ఇంజను మాత్రం బిడ్డ మాదిరి చూసుకున్యా."

మస్తాన్ ఇంజను స్టార్ట్ చేయించి విన్నాడు. మళ్ళీ వద్దనలేదు.

పోయిన దారిన రాకూడదని నువ్వూ చెప్పేవాడివి. ఒక్కసారే తప్పావు. నాకు జ్వరమని తెలిసి, తొందరగా రావాలని పోయిన దారినే తిరిగావు. ఇంటికి చేరలేదు.

మా నాయన కూడా డ్రైవరేనని ముసలాయనకు నీ పేరు చెప్పాను. కాసేపు తల వంచుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఆయప్ప శానా మంచి డ్రైవరమ్మా" అన్నాడు.

నాకు తెలుసన్నాను.

ఈ రోజు మొదటిసారి బడికి కారులో పోయాను. సాయంత్రం పోయిన దారినే, అద్దాలు దించుకుని, పాటలు పెట్టుకుని ఇంటికి వచ్చాను. దిగేముందు మీటరు చూశాను, నాయనా. పోనూ రానూ ఒకే దూరం.