గడప కాడ నీళ్లు

జాషువా, నేను పండుగకు చర్చి కడగనీకి పోతున్న. మీ అవ్వ, మా అత్త జానమ్మ, కొల్లాపూర్ బస్సు దిగి మధ్యాహ్నం వరకు ఇంటికొస్తది. మర్యాదని గడప కాడ కాళ్లకు నీళ్లియ్యకు, ఆ నున్నటి బండల మీద తడి కనపడదు. వాకిట్లనే కుర్చీల కూసోబెట్టి కాళ్లు కడుగు, బట్టతోని తుడిసినంకనే లోపలికి తీస్కరా.

పోయిన క్రిస్మస్‌కు నీళ్లు పోసింది నువ్వు. అవ్వ జారిపడితే, కోడలు బండలు సరిగ్గ తుడ్వలేదని మాట పడ్డది నేను. నువ్వేమో పక్కనే నిలబడి నోరు మెదపలే.

ఆమెకు పెట్టే చీర బీరువల ఉన్నది.

భాగ్యశ్రీ

చీర కింద జారని రబ్బరు చెప్పులు పెట్టిన. నువ్వే కొన్నవని చెప్పి ఇయ్యి. నేను తెచ్చిన అంటే మళ్ల పడనన్న పడ్తది గాని తొడగదు.