పసుపు గోదాం మన కొండమీదే

గెలిచిందే చిలకమ్మా, మన కూతురు, మన గుంట సావిత్రి గెలిచింది! పసుపు గోదాం మన కొండమీదే పెట్టారు!

నువ్వు పోయాక అది ఆన్‌లైన్లో సరుకులమ్మే కంపెనీలో చేరింది. ఏ ఊరి పసుపు ఎక్కడ పోగెయ్యాలి, ఏ బండి ఎటు తిరగాలి, అన్నీ అదే గీసి చెప్తాది. పెద్దసారేమో డుంబ్రిగుడ సంత దగ్గరే గోదాం అన్నాడు. ఇది ఒప్పుకోలేదు. సంతకెళ్తూ మీ ఆడోళ్లంతా బుట్టలు దించుకుని ఊపిరి తీసుకునే పనసచెట్టు మలుపు లేదూ, మూడూళ్ల దారులూ కలిసేది అక్కడేనని చూపించిందంట.

"అంత ఎత్తుకి బండెక్కాలా?" అన్నాడంట సారు.

"అమ్ముడవని బుట్ట నెత్తినెట్టుకుని మా అమ్మ ఎక్కేది సార్. ఇంజనున్న బండికి ఏటి కష్టం?" అందంట!

ఈరోజు మొదటి బండొచ్చింది. ఆడోళ్లు బస్తాలెక్కిస్తూ ఒకటే నవ్వులు. నువ్వు కూర్చునే రాయి మీద మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వలేదు నేను.

ఇక్కడ అందరికీ అరిచి చెప్పేశాను. అక్కడ పైనున్న మీ అయ్యకి, మీ పెద్దక్కకి, మా తమ్ముడికి నువ్వే చెప్పాలి. మా అమ్మకి కాస్త గట్టిగా చెప్పవే, దానికి వినపడదు.