రెండు ఎర్ర గీతలు

అక్కకు,

ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ కులాసా. నువ్వూ, కడుపులోని ఆసామీ కూడా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను.

"రోజంతా ఆ ల్యాబులో ఏం వెలగబెడతావే?" అని అడిగావు. రక్తంలోని ప్రొటీన్లను విడదీస్తాను తల్లీ! పలుచటి జెల్లు పలక ఒకటి ఉంటుంది. దానికి ఒక అంచు ఆమ్లం, రెండో అంచు క్షారం. రక్తపు చుక్కలు పెట్టి కరెంటిస్తే, ఒక్కో ప్రొటీనూ తన విద్యుదావేశం సున్నా అయ్యే చోటిదాకా నడిచి ఆగిపోతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, భోజనాలవగానే నాన్న కిటికీ పక్క కుర్చీకీ, అమ్మ మంచానికీ చేరినట్టే. హిమోగ్లోబిన్ ఎర్రగా ఉంటుంది కనుక, ఆగిన చోట గీత కంటికే కనిపిస్తుంది.

ఇక రెండో ప్రశ్న: "మీ బావ ఆఫీసు పనంటూ ఎటో వెళ్ళొచ్చి తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు, నీకేమైనా తెలుసా?" తెలుసు. నా దగ్గరికే వచ్చాడు. కూర్చుని చదువు.

పోల్చుకోవడానికి ప్రతి పలక మీదా ఒక మామూలు మనిషి రక్తం పెడతాం. ఎప్పుడూ ఇచ్చే మా సీనియరు ఆ రోజు సెలవు. పెద్ద పోటుగత్తెలా నా వేలే పొడుచుకున్నాను. అందరికీ ఉండే గీత పక్కన నాకు ఇంకోటి వచ్చింది. చుక్కలు కలిసిపోయాయేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ రెండే. అది సికిల్ సెల్ అంటారే, ఆ కొడవలి కణాల రక్తపు జబ్బు తాలూకు గీత. నాకు జబ్బు లేదు, సగం వాటాయే. కానీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చిందే కనుక నీకూ ఉండొచ్చు. బావకూ ఉంటే, బిడ్డకు రెండు వాటాలూ చేరి జబ్బు రావచ్చు. నీతో ఫోనులో మాట్లాడితే నా గొంతే నన్ను పట్టిస్తుంది. అందుకే బావను పిలిచాను.

తన రక్తం పెట్టిన పలకకు కరెంటు నడిచినంతసేపూ బావ కూర్చుంటే ఒట్టు. మూత మీదికి వంగి చూస్తుంటే మా సీనియరు, "అయ్యా, మీరు ఊదినా అది తొందరగా కదలదండీ" అన్నాడు. చివరికి బావకు ఒకటే గీత! మా ల్యాబు డాక్టరమ్మ ఇంకో పరీక్ష కూడా చేయించి, బిడ్డకు ఆ జబ్బు రాదని తేల్చి చెప్పింది. బావ "మీ అక్కకు చెప్పకు, కంగారు పడుతుంది" అని నాతో మాట తీసుకుని, మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ మాట తప్పాను. నీ ఒంట్లో సంగతి నీకు తెలియాలి. నువ్వూ పరీక్ష చేయించుకో, భయం లేకుండా.

బావను తిట్టు, కాదనను. తిట్టే ముందు ఆ మెట్ల మీద ఆయన అన్నది విను: "తన్నుతోంది చూడమని మీ అక్క రోజూ పిలుస్తుంది మరదలా. నువ్వు ఫోను చేసినప్పట్నుంచీ కడుపు మీద చెయ్యి వెయ్యడానికి భయమేసింది."

ఈసారి పిలవకు. చెయ్యి పట్టుకుని నువ్వే పెట్టించు.

ఇట్లు,
తిట్లలో వాటాకు సిద్ధంగా ఉన్న
నీ చెల్లి