రెండో డిస్కు నిలబెట్టింది

ఆదోని, 1989 నవంబరు, మంగళవారం రాత్రి

మధ్యాహ్నం పత్తి గింజలు తీసే మా జిన్నింగు మిల్లులో, కంప్యూటరుకున్న రెండు డిస్కుల్లో ఒకటి ఉన్నట్టుండి పాడైపోయింది. బయట నందవరం రైతుల పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. కంప్యూటరు ఇచ్చే తూకం చీటీ లేనిదే బండి గోదాములోకి పోదు. పైన మబ్బు కమ్ముకుంటోంది. ఇక పని ఆగినట్టే అనుకున్నాను. కానీ మిషను ఆగలేదు, చీటీలు వస్తూనే ఉన్నాయి.

అంతా మా సీనియరు కాజా అన్న చలవ. మెమరీ చాలనప్పుడు కంప్యూటరు తాను చేస్తున్న పనిని కాసేపు డిస్కు మీద దించుకుంటుంది. ఆ చోటే స్వాప్. మిషను పెట్టేటప్పుడు, లెక్కలకు రెండో డిస్కులో నకలుంటే చాలన్నారు అందరూ. ఆయనొక్కడే, "స్వాప్ పోతే నడిసే పనే సస్తాదప్పా, దాన్ని గూడా రెండిట్లో పెట్టల్ల" అని పట్టుబట్టి అలాగే పెట్టించాడు.

ఆఖరి బండి లోపలికొచ్చాకే వాన మొదలైంది. పత్తి తడిసి ఉంటే ఆ రైతుల ఏడాది కష్టం...

సాయంత్రం కాజా అన్న ఇంటికి పోయి చెప్పాను. "మంచిదాయెప్పా. ఇంగ మిగిలింది ఒకటే గదా, బద్రంగా సూసుకో" అన్నాడు. కొత్త డిస్కు హైదరాబాదు నుంచి ఎప్పుడొస్తుందో, అంతవరకు ఇది నిలుస్తుందో లేదో...

కృతజ్ఞత చెప్పుకోవడానికని పోయి, వదిన పెట్టిన అన్నం కడుపునిండా తిని వచ్చాను.